దయ్యాల్లో కాస్త చోటు

ఉత్తరాది ఉక్కు కార్ఖానా ఊళ్ళో, సిద్ధగోరా పేటలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో ఎవరు కాలం చేసినా, పెద్దకర్మ అయిన తరువాత వచ్చే శనివారానికల్లా వాళ్ళని దయ్యాన్ని చేసెయ్యడం శ్రీపతిగారి అలవాటు.

చేతబడి కాదు లెండి, రామ రామ! ఆయన ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. శనివారం సాయంత్రం మందిరంలో భజన ముగిసి, చేతిలో ప్రసాదం పడగానే, అరుగు మీద కూర్చుని కథ మొదలెడతారు. అందులో దయ్యాల కేసులు పట్టే డిటెక్టివు గరుడాచలం. ఈమధ్య అతనికో అసిస్టెంటు కూడా. వారానికో దయ్యం. ఆ దయ్యం మొన్నటిదాకా మన పక్కన కూర్చుని భజనలో తాళం వేసిన మనిషే. పాపం, ఏం కావాలని తిరుగుతోందో గరుడాచలం కనిపెట్టి ఆ కోరిక తీరుస్తాడు. అది నవ్వుతూ దణ్ణం పెట్టి పైకెళ్ళిపోతుంది.

కోరికలు కూడా ఎలాంటివని! బిష్టుపూర్ బట్టల కొట్లో బేరం సగంలో వదిలేసి పోయిన అమ్మణ్ణిగారు దయ్యమై వచ్చి, ఆ చీర ధర ఇంకాస్త తగ్గించాకే మోక్షం పొందారు. అత్తగారు పోయాక ఆ ఇంటి కోడలు నవ్వడం ఆ కథ విన్న రోజే మొదలట.

దాంతో బతికున్నవాళ్ళు ముందుగానే రిజర్వేషన్లు మొదలెట్టారు.

"బాబూ, నన్ను మిఠాయి కొట్టుకాడ ఎట్టండి. అప్పటికి సుగరుండదు గదా," అంది ముసలి తవిటమ్మ.

"నన్ను ఫర్నేసుకాడ మాత్రం వద్దు సార్. జిందగీ అంతా అక్కడే ఏగిపోనాను," అన్నాడు ఆదిబాబు. "సువర్ణరేఖ ఏటి ఒడ్డున ఎట్టండి, ఠండా ఠండాగా."

"ఒడ్డుకి ఇప్పటికే ఇద్దరు రాయించుకున్నారు. నిన్ను వెయిటింగులో పెడతాను," అన్నారు శ్రీపతిగారు, నవ్వకుండా.

ఈ సందడికి దూరంగా ఉండిపోయింది దేవి ఒక్కతే. కిందటి వానల్లో ఆమె భర్త పైడిబాబు పోయాడు. ఏడాది తిరిగేదాకా గుడిమెట్లు ఎక్కకూడదన్నారు పెద్దలు. కథ విని వచ్చే పక్కింటి తవిటమ్మ కోసం ప్రతి శనివారం గుమ్మంలో నిలబడేది. అడిగేది మాత్రం దయ్యం పేరొక్కటే.

"ఈ వారం ఎవురు, అత్తా?"

"పాలుపోసే భోలా పోనాడు గాదేటి, ఆడు."

మరో వారం, "ఈ వారం?"

"అగ్రికో బజార్లో తిరిగిన ముసిలెద్దే అమ్మా!"

ఎద్దు కూడా దయ్యమైపోయింది! పైడిబాబు మాత్రం కాలేదు. ఆ రాత్రి దేవికి అన్నం సయించలేదు. ఏళ్ళ తరబడి శ్రీపతిగారి స్కూటరు వెనక కూర్చునే డ్యూటీకి వెళ్ళిన మనిషి. అంత స్నేహమూ అప్పుడే మరిచిపోయారా? పైడిబాబుది బతుకంతా కాంట్రాక్టు పని. "ఈ యేడు పర్మినెంటు చేసేత్తారే," అని ప్రతి ఉగాదికీ అనేవాడు. చెయ్యలేదు. అతను పోయి, కార్ఖానా గేటు పాసు వెనక్కి ఇచ్చేశాక అతని పేరు తలిచినవాళ్ళే లేరు. కథలోనైనా ఒక్కసారి అతని ఊసు వినాలని ఆమె ఆశ.

సంవత్సరీకం అయిన మొదటి శనివారం దేవి మందిరానికి వెళ్ళింది. రాముడికి దణ్ణం పెట్టుకుని, సరాసరి అరుగు దగ్గరికొచ్చింది.

"బాబుగారూ, మా ఆయనేటి పాపం చేసినాడు? ఎద్దుకి దొరికింది చోటు. కాంట్రాక్టోళ్ళని దయ్యాల్లో కూడా తీసుకోరేటి?"

శ్రీపతిగారు తన చాప ఆమె వైపు జరిపారు.

"కూర్చో తల్లీ. కథ విని, అప్పుడు తిట్టు."

కథలో గరుడాచలం జీపెక్కాడు. పాత బంగళాలో దయ్యం ఏ క్షణాన్నైనా మాయమైపోయేలా ఉంది. జీపు కదిలింది.

"ఆపండి సార్!" అన్నాడు అసిస్టెంటు. "గేసు కట్టేనో నేదో, ఓపాలి సూసొత్తాను."

జనం గొల్లుమన్నారు. వారం వారం వింటున్నా ఆ మాటకి నవ్వకుండా ఉండలేరు.

"దయ్యం పారిపోతుందయ్యా!"

"దయ్యం మళ్ళీ వత్తాది సార్. ఇల్లు కాలిపోతే మళ్ళీ వత్తాదేటి?"

దేవి నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోజూ పొద్దున్నే స్కూటరెక్కి, మళ్ళీ దిగి, వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి గ్యాసు చూసుకునే మనిషెవరో ఆమెకి తెలియదా? ఆ మాటా అతనిదే, ఆ యాసా అతనిదే.

"దయ్యమైతే కేసు తేలగానే వెళ్ళిపోవాలమ్మా," అన్నారు శ్రీపతిగారు మెల్లగా. "వాణ్ణి పంపించెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అందుకని డిటెక్టివు దగ్గర పనిలో పెట్టాను."

దేవి కళ్ళు తుడుచుకుంది.

"కాంట్రాక్టేనా, బాబుగారూ?"

"కాదు తల్లీ. పర్మినెంటు."

పై శనివారం భజన సగమయ్యాక వచ్చింది దేవి, చేతిలో పెద్ద డబ్బాతో.

"ఇంతసేపేటి వదినా?" అన్నాడు ఆదిబాబు.

"సగం దారికొచ్చేక గేసు గురుతొచ్చింది," అంది దేవి, సిగ్గుపడుతూ.

డబ్బా నిండా లడ్డూలు. ఇంట్లో ఎవరికైనా పర్మినెంటైతే వాడంతా మిఠాయి పంచడం అక్కడి ఆనవాయితీ. తవిటమ్మ ముందు ఒకటి తీసుకుని, చుట్టూ చూసి, ఇంకొకటి తీసుకుంది.

"సుగరే అత్తా!" అంది దేవి.

"దయ్యమయ్యేదాకా ఎవురాగుతారే!"