పాత ఒర, కొత్త పదును

కరోనా భయం తగ్గి, వాయిదా పడిన పెళ్లిళ్లన్నీ మళ్లీ మొదలైన సంవత్సరం అది. జమ్మలమడుగులో ఒక సందులో నాకు చిన్న కొలిమి ఉంది. మా నాయన కాలంలో అక్కడ మడకలకు కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు చేసేవాళ్లం. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. పాత కత్తులు బాగుచేసే పని మాత్రం నిలిచింది. ఈ చుట్టుపక్కల కొన్ని ఇళ్లలో తాతల నాటి తల్వార్లు ఇంకా ఉన్నాయి. ఏడాదంతా అటక మీద పడి ఉండి, ఆయుధపూజ దగ్గరపడగానే నా దగ్గరికి వస్తాయి.

తల్వార్ అంటే వంపు తిరిగిన కత్తి. ఆ వంపు అందానికి పెట్టింది కాదు. కూరగాయలు తరిగేటప్పుడు కత్తిని అదిమితే ఒకలా, లాగితే ఒకలా తెగుతుంది కదా. వంపు ఉన్న అలుగు, అంటే కత్తి రేకు, తగిలిన చోట ఆగకుండా జారుతుంది, జారుతూ కోస్తుంది. పిడి లోపల డొల్లగా ఉంటుంది. అలుగు చివర పొట్టి తోక ఉంటుంది, దాన్ని టాంగ్ అంటారు. కరిగించిన లక్క పోసి ఆ తోకను పిడిలో బిగిస్తారు. చాలావాటికి మేకులు, మరలు ఏమీ ఉండవు. ఏళ్లు గడిచేకొద్దీ లక్క ఎండి పొడి అవుతుంది, పిడి ఊగుతుంది. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా అలాంటివే.

ఆ ఏడాది దసరాకు ముందు పులివెందుల వైపు పల్లె నుంచి సుబ్బన్న వచ్చాడు. చీనీ, అంటే బత్తాయి, తోటలున్న రైతు, పెద్ద కుటుంబం. పాత దుప్పటిలో చుట్టిన తల్వార్‌ను నా ముందు పెట్టాడు.

“లక్క మార్చు, తుప్పు తియ్యి, పదును పట్టు. పూజలో పెడితే తళతళలాడాల,” అన్నాడు.

నేను ముందు ఒర చూశాను. రెండు పల్చటి చెక్కలను అతికించి, పైన ఎర్ర ముఖమల్ గుడ్డ తొడిగి కుట్టిన ఒర. పదును వైపు అతుకు పూర్తిగా విడిపోయింది. చెక్కలను పట్టి ఉంచింది ఆ గుడ్డ ఒక్కటే.

“సుబ్బన్నా, ఒర పోయింది. ఇది కూడా కొత్తది చెయ్యాల,” అన్నాను.

“ఒరను మాత్రం ముట్టుకోవద్దప్పా. ఆ ముఖమల్ మా అవ్వ చేత్తో కుట్టింది. గోడకు ఆనించి కుంకుమ పెట్టేదానికే గదా, అదెట్లుంటే ఏంది?”

నేను మళ్లీ అడగలేదు. మనసంతా అలుగు మీదే ఉంది. తుప్పు కింద నుంచి సన్నటి నీటి అలల్లాంటి గీతలు బయటపడుతున్నాయి. పాత ఉక్కు మంచిదైతేనే అలా కనిపిస్తుంది. గట్టిగా బఫింగ్ చేస్తే, అంటే మెషిన్ మీద మెరుగు పెడితే, ఆ గీతలు చెరిగిపోతాయి. అందుకని మెషిన్ జోలికి పోకుండా, చేత్తో రాయి మీద నూరాను. నా చేతుల మీదుగా వెళ్లిన పదునుల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. సుబ్బన్నకు ఇచ్చేటప్పుడు చెప్పాను, “తీసేటప్పుడు ఒరను పిడికిట్లో పట్టుకోవద్దు. మూతి కాడ, రెండు పక్కలా వేళ్లు ఆనించి పట్టుకోవాల. పదును వైపు చెయ్యి ఉండకూడదు.”

“తెలుసులేప్పా,” అన్నాడు. సంతోషంగా తీసుకుపోయాడు.

కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే సుబ్బన్న ఫోన్ చేశాడు. “ఆచారీ, మీ ఊరి ఆసుపత్రి కాడ ఉండా. బిరీన రా,” అన్నాడు.

నేను వెళ్లేసరికి క్యాజువాలిటీలో బల్ల మీద ఒక కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. పట్టుచొక్కా మీదంతా రక్తం. ఎడమ చేతికి లావుగా కట్టు. పేరు బ్రహ్మం, ప్రొద్దుటూరులో బంగారం పని చేస్తాడు. నగల్లో రాళ్లు పొదగడంలో మంచి పేరున్నవాడు. పక్కన నిలబడిన అమ్మాయి లావణ్య, వచ్చే వారం అతను పెళ్లి చేసుకోబోయే పిల్ల. పెళ్లి ఫోటోల కోసం గండికోటకు వచ్చారు.

“మా పాపకు గాజులు చేసిన పిల్లోడు. ఫోటోలకు కత్తి కావాలంటే కాదనలేకపోయినా,” అన్నాడు సుబ్బన్న. నా ముఖం చూడలేకపోయాడు.

ఏం జరిగిందో లావణ్య చెప్పింది. కోటగోడ దగ్గర ఫోటోగ్రాఫర్ “సర్రున లాగన్నా” అన్నాడట. బ్రహ్మం ఎడమ పిడికిట్లో ఒర బిగించి పట్టుకుని, కుడిచేత్తో కత్తిని నేరుగా లాగాడు. వంపు కత్తిని వంపు వెంబడే తీయాలి. నేరుగా లాగితే పదును ఒరను లోపలి నుంచి ఒత్తుతుంది. చెక్కల అతుకు ఎప్పుడో విడిపోయింది కాబట్టి అలుగు గుడ్డను చీల్చుకుని అతని వేళ్లలోకి దిగింది. చూపుడువేలు, నడిమివేలు. వేళ్లను వంచే నరాలు, డాక్టర్లు టెండన్లు అంటారు, రెండూ తెగాయి. కడపకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలన్నారు.

బ్రహ్మం నన్ను చూసి, “పదును పట్టింది నువ్వేనంట గదా మామా?” అన్నాడు.

“నేనేనప్పా.”

“శానా బాగా పట్టినావు. తెగినట్టు కూడా తెలీలేదు.”

అందులో కోపం లేదు. ఒక పనివాడు ఇంకో పనివాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. నేను అతని కట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

పెళ్లి వాయిదా వేద్దామని పెద్దలు అన్నారట. లావణ్య ఒప్పుకోలేదు. నన్నెవరూ పిలవలేదు గానీ ప్రొద్దుటూరు పోయి, కల్యాణమండపంలో చివరి వరసలో కూర్చున్నాను. తాళి కట్టే సమయంలో బ్రహ్మం ఒక్క చేత్తో ముడి వేయలేకపోయాడు. లావణ్య తలవంచుకునే చెయ్యి వెనక్కి పెట్టి దారం ఒక కొస పట్టుకుంది. రెండో కొసతో అతను ముడులు వేశాడు. “ఇదేం చోద్యమే!” అని నా ముందున్న ఒక పెద్దావిడ గొణిగింది. భోజనానికి ఉండకుండా బస్సెక్కాను.

ఎండాకాలంలో అతను పనిచేసే అంగడికి వెళ్లాను. వేళ్లు బతికాయి గానీ నడిమివేలు సగమే వంగుతోంది, చూపుడువేలికి స్పర్శ లేదు. బ్రహ్మం కొలిమి దగ్గర బంగారం కరిగిస్తున్నాడు. పొదిగే బల్ల ముందు వేరే అతను కూర్చుని ఉన్నాడు.

“రాయి నిలబడటం ల్యా మామా. పట్టుకున్నానో ల్యాదో వేలికి తెలీడం ల్యా,” అన్నాడు.

“ఒర సంగతి సుబ్బన్నకు చెప్పినానప్పా,” అన్నాను.

“నువ్వు చెప్పినావని ఆయనే అన్నాడు. యాడనో గోడకు పెట్టే కత్తి అనుకున్నాడు. నేనూ అడగల్యా.” బంగారం కరుగుతున్న మూసలోకి చూశాడు. “ఎవురిని అనాల చెప్పు?”

ఆ తర్వాత సుబ్బన్న తల్వార్‌ను తీసుకుని మళ్లీ వచ్చాడు. “పదును తీసెయ్యప్పా. ఇంట్లో పెట్టుకోబుద్ధి కావడం ల్యా,” అన్నాడు.

నాకు చేతులు రాలేదు. “పదును ఉండనీ, ఒర మారుస్తా,” అన్నాను. ఈసారి అతను అడ్డు చెప్పలేదు. నేను ముఖమల్ కుట్లు ఒక్కొక్కటే విప్పాను. కొత్త చెక్కలు చెక్కి, వంపుకు సరిపోయేలా అతికించి, గుడ్డ చీలిన చోట లోపల పట్టీ వేసి, అదే గుడ్డను మళ్లీ తొడిగి కుట్టాను. సుబ్బన్న ఆ కుట్ల మీద వేలితో నిమిరాడు.

“మా అవ్వ గుడ్డే గదా ఇది. ఇట్ల చెయ్యొచ్చని ముందే చెప్పకపోతివా!” అన్నాడు.

చెప్పి ఉండొచ్చు. ఒర మారిస్తే అవ్వ గుడ్డ పోతుందని అతను అనుకున్నాడు. తీసిన గుడ్డనే మళ్లీ వేయొచ్చని నాకు తెలుసు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడి ఉంటే సరిపోయేది. అప్పుడు నాకు అలుగు మీది గీతలు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఇప్పుడు ఒర సరిగా లేని కత్తికి నేను పదును పట్టను. ఒర మార్చొద్దన్నవాళ్లను కూర్చోబెట్టి, ఎందుకు వద్దంటున్నారో అడుగుతాను. తీసుకుపోయే ముందు, ఇంట్లో ఆ కత్తిని ముట్టుకునేవాళ్లెవరో వాళ్లనే రమ్మంటాను. నా ఎదుట ఒకసారి తీసి, మళ్లీ ఒరలో పెట్టమంటాను. కొందరికి కోపం వస్తుంది.

“మాకు తెలీదా ఏంది? చిన్నపిల్లోళ్లమా?” అంటారు.

“తెలుసులేప్పా. నా కోసరం ఒకసారి తియ్యి,” అంటాను. వాళ్ల ఎడమ చెయ్యి ఒర మీద ఎక్కడ పడుతుందో చూస్తూ పక్కనే నిలబడతాను.