ఎర్ర లైటు దాటిన బొమ్మ రైలు

మా పుంగనూరుకు రైలు లేదు. ఆ కొరత తీరేలా మేడమీద గదిలో పెద్ద బల్ల మీద బొమ్మ రైలు ఏర్పాటు చేసుకున్నాను. మదనపల్లె టమాటా పెట్టెల చెక్కతో స్టేషన్ కట్టి, సైకిల్ పుల్లకు ఎర్ర, పచ్చ బల్బులు బిగించి సిగ్నల్ నిలబెట్టాను. మా ఆవిడ మా పెళ్లి ఫొటోల్లోంచి ముఖాలు కత్తిరించి బోగీల కిటికీలకు అంటించింది.

కుప్పంలో ఉండే మా మామ, అంటే మా ఆవిడ నాన్న, రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది ఆయన్నీ చుట్టాలనూ పిలిచి, గర్వంగా స్విచ్ వేశాను.

"ఆపప్పా! ఆపు!" అని మామ ఇల్లదిరేలా అరిచి, పట్టాలకు రెండు చేతులూ అడ్డం పెట్టారు. రైలు ఆయన వేళ్లకు తగిలి ఒరిగిపోయింది. వీధిలో వాళ్లు కూడా పైకి పరిగెత్తుకొచ్చారు.

"ఎర్ర లైటు ఎలుగుతాంటే బండి యాల వదిలితివప్పా?"

"అది అందానికి పెట్టింది మామా" అన్నాను. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మామ మాత్రం నవ్వలేదు. బోగీని మెల్లగా నిలబెట్టి, ఒక కిటికీ చూపించారు. "సూడు, ఈడ నా బిడ్డ కూర్చోనుండాది గదా."

ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని, ఎర్ర లైటు వెలిగితే పట్టాలకు కరెంటు ఆగిపోయేలా వైర్లు కలిపాం. మామ పదిసార్లు పరీక్షించి గానీ లేవలేదు. పిల్లనిచ్చే ముందు నన్ను కూడా అంతగా పరీక్షించలేదు.