లస్కరు రిజిస్టరులో డిటోలు

రాజమండ్రిలో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసంటే రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. కాలువల్లో నీటిమట్టాల లెక్క తేల్చే ప్రోగ్రాం మాది. కాలువ మీద ఒక్కో లాకు దగ్గర గేట్లు ఎత్తీ దించే లస్కరు రోజూ రిజిస్టరులో రాసే మట్టాన్ని ఆపరేటర్లు టైపు చేసి పంపేవారు. వరసగా ఒక్కో అంకే చదివే ఆ పాత ప్రోగ్రాంకి సీజను లెక్క తేలాలంటే పూటంతా పట్టేది.

"మొత్తం తిరగరాసెయ్యండి. గంటలో అయిపోవాలండి" అన్నారు మా మేనేజరుగారు. అనడానికి ఆయనకేం, చాకిరీ నాది. డేటాని వందేసి వరసల బ్లాకులుగా కోసి, పక్కపక్కనే పారే పాయల్లాంటి నాలుగు థ్రెడ్లకు పంచాను. అరగంటలో లెక్క తేలింది. మురిసిపోయాను, వెధవని.

నెల తిరక్కుండానే లస్కరుగా చేస్తున్న పెద్దాయన ఒకరు సంచిలో రిజిస్టరు పెట్టుకుని వచ్చారు. తప్పుడు మట్టాలు రాశారని ఇరిగేషన్ ఆఫీసువాళ్లు మెమో ఇచ్చారట. రిటైరవడానికి రెండు నెలలుంది. ఎంక్వయిరీ పడితే పింఛను ఆగిపోతుంది.

"నేను అబద్ధం రాయలేదండి బాబూ. నీళ్లు కదల్లేదండి, అందుకే డిటో పెట్టానండి."

పేజీ నిండా డిటోలే. మట్టం మారకపోతే అలా రాయడం వాళ్లందరి అలవాటు. డిటో కనిపిస్తే ప్రోగ్రాం అంతకుముందు చదివిన అంకె వేసేది. వరసగా చదివినన్నాళ్లూ బాగానే ఉంది. ఇప్పుడు బ్లాకు మొదటి గడిలోనే డిటో పడితే, దాని పై అంకె వేరే థ్రెడ్ చేతిలో ఉంటోంది. నా కోడు చేతికందిన ఇంకో లాకు మట్టం తెచ్చి ఈయన పేరు మీద పెట్టింది.

ఇప్పుడు చెప్పడం తేలికే. అప్పుడు పట్టుకోవడానికి మూడు వారాలైంది. ఒకసారి వచ్చిన తప్పు మళ్లీ నడిపితే రాదు, ఇంకోచోట వస్తుంది. కళ్లు మండేవి, అన్నం సయించేది కాదు, ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ణి. చివరికి ముందుగా డిటోలన్నీ వరసగా పూరించి, ఆ తరవాతే బ్లాకులు కోసేలా మళ్లీ రాశాను.

తప్పు నాదేనని కాగితం మీద రాసి, సంతకం చేసి, బస్సెక్కి లాకు దగ్గరికి వెళ్లాను. పెద్దాయన గేటుకి గ్రీజు పూస్తున్నారు.

"అయ్యో, ఇంత ఎండలో ఎందుకొచ్చారండి! సోమవారమే ఒప్పేసుకున్నానండి. తప్పు రాశానని సంతకం పెట్టేశాను."

"ఎందుకు పెట్టారండీ? తప్పు నాది!"

"కంప్యూటరు అబద్ధం చెప్పదన్నారండి అందరూ. మరి నాకే చూపు ఆనట్లేదేమో అనుకున్నానండి."

కాగితం ఆయన చేతిలో పెట్టాను. దూరంగా పట్టుకుని చూశారు, దగ్గరగా పట్టుకుని చూశారు. మళ్లీ నాకే ఇచ్చేశారు.

"మీరే చదవండి బాబూ. నా కళ్లని నేను నమ్మట్లేదండి."