దేవదానం సారుకు నేను చేసిన రెండో పెండ్లి

ఎప్పుడో కన్నుమూసిన ఓ బడిపంతులుకు నేను రెండో పెండ్లి చేసిన. పందిరి లేదు, పాస్టరు లేడు. కంప్యూటర్ల ఒక్క బటన్ నొక్కిన, అంతే. ఆ పెండ్లి భోజనం నాకు ఇప్పటిదాక అరగలే.

అప్పుడు వరంగల్‌ల ఓ పరిశోధన ప్రాజెక్టుల పనిచేస్తుంటి. మన దిక్కు పాతకాలపు మనుషులు యాడ పుట్టిండ్రు, ఏం కొలువు చేసిండ్రు, ఎవలిని చేసుకున్నరు, అన్నీ కంప్యూటర్ల ఎక్కించి, ఒకదానికొకటి లింకు పెట్టి, లోకంల ఎవలైనా ఉత్తగనే చూసుకునేటట్టు పెట్టుడు మా పని.

హసన్‌పర్తిల దేవదానం అని ఓ పంతులు ఉండె. కేసముద్రం మార్కెట్ల వడ్లు కాంటా పెట్టే దేవదానం ఇంకొకాయన. ఇంటిపేరు ఒకటే, తండ్రిపేరు ఒకటే! అనుమానం పెనుభూతం అంటరు గదా, నా భూతానికి ఇంటర్నెట్ గూడ ఉండె. "ఇద్దరూ ఒక్కడే" అని లింకు పెట్టిన.

"మంచిగ చూసినవా అమ్మా?" అన్నడు మా ప్రాజెక్టు సారు.

"నావి డేగ కండ్లు సార్!"

డేగ ఆ రోజు అద్దాలు ఇంట్ల మర్చిపోయినట్టుంది.

వారానికి ఫోనొచ్చింది. "మేడం, నేను దేవదానం సారు మనుమరాలు జెస్సీని. తాతకు కేసముద్రంల సుగుణమ్మ అని ఇంకో భార్య ఉన్నట్టు మీ వెబ్‌సైట్ల ఉన్నది. సదివి వినిపిస్తే నాయినమ్మ తాత ఫొటోను గోడదిక్కు తిప్పింది. నిన్నటిసంది అన్నం ముట్టుతలేదు."

మళ్ల చూస్తే ఏముంది, పుట్టిన ఏండ్లే నేను చూడలే! కాగితాలు పట్టుకొని ఆటోల హసన్‌పర్తికి ఉరికిన.

జెస్సీ నాయినమ్మ మార్తమ్మ మంచంల కూసోని నన్ను కోళ్లదొంగను చూసినట్టు చూసింది.

"సుగుణ నీకేమైతది?"

"ఏం గాదవ్వా! తప్పు నాదే."

"ఆమెనే పంపిందా?"

"అయ్యో, కాదు! ఇగో చర్చి పుస్తకం నకలు. సుగుణమ్మ మొగడు వడ్లు కాంటా పెట్టే ఇంకో దేవదానం. ఆయన పుట్టేనాటికే మీ సారు బడిల పాఠాలు చెప్తుండె."

ముసలమ్మ కాగితాన్ని ఎండకు పెట్టి చూసింది. "ఇది నువ్వే రాసినవా?"

జెస్సీ గుంజుకొని సదివింది. "నిజమే నాయినమ్మా, వేరే మనిషి."

ఫొటో ఇటు తిరిగింది. మార్తమ్మ పళ్లెంల అన్నం పెట్టించుకున్నది. నాకు చాయ్ వచ్చింది. హాయిగ ఒక్క గుటక తాగిన్నో లేదో, "సుగుణ గాదంటవ్?" అన్నది.

"ముమ్మాటికి గాదవ్వా!"

"మరి మా సారు శనివారం శనివారం కేసముద్రంల ఎవలింటికి పోతుండె? అది గూడ జర నీ కంప్యూటర్ల చూడు బిడ్డా."

ఆ చాయ్ గ్లాసు మీద ఒట్టేసిన: పుట్టిన ఏడు చూడకుండ ఎవలినీ ఎవలికీ ముడిపెట్ట. చూసినంక గూడ, పెండ్లాం బతికుంటే, కంప్యూటర్ బందుజేసి దండం పెట్టి వచ్చేస్త!