వేపమండ లేని గుమ్మం

మా గుంటకి, అదే నా కూతురికి, నాలుగో ఏడు నడుస్తుండగా ఒకరోజు కంటి కింద నల్లగా కమిలింది. ఎవరో కొట్టుంటారని వీధిలో పిల్లలందరినీ నిలబెట్టి కడిగేశాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటారు, ఎవరూ కొట్టలేదు కదా. తర్వాత కాలు ఈడ్చడం మొదలెట్టింది. పలాసలో ఎముకలకి బలం అని సీసా మందు రాశారు. టెక్కలిలో డాక్టరు మాత్రం పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి, మళ్ళీ నొక్కి, నా మొహం వైపు చూడకుండా విశాఖపట్నం తీసుకెళ్ళమన్నాడు. ఆ చూడకపోవడం నాకు నచ్చలేదు. బస్సెక్కే దాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

విశాఖపట్నంలో పేరు చెప్పారు. న్యూరోబ్లాస్టోమా. చిన్నపిల్లలకి వచ్చే కేన్సరట. కిడ్నీ పైన గడ్డగా మొదలై, ఎముకల్లోకి, ఎముకల్లోని మూలుగలోకి పాకిపోయింది. ముదిరిపోయాకే బయటపడే రకం అన్నారు. కీమో ఇద్దాం, గడ్డ చిన్నదైతే ఆపరేషను చేద్దాం, ఆశ కొంచెమే, కానీ ఉంది అన్నారు. ఆ కొంచెం అన్న మాట నాకు సరిగ్గా వినబడలేదు. ఉంది అన్నది వినబడింది, చాలు.

అప్పట్నుంచీ నా కాలు ఒకచోట నిలిచింది లేదు. మూడు వారాలకోసారి రైలెక్కి వెళ్ళడం, ఆసుపత్రిలో ఉండటం, ఎర్రమందూ తెల్లమందూ బొట్టుబొట్టుగా ఎక్కుతుంటే ఆ సీసానే చూస్తూ కూర్చోవడం. కూర్చోవడమంటే కూర్చోవడం కాదు, మంచం చుట్టూ తిరగడమే. ఇంటికొచ్చాక వాంతులు. తాళింపు వాసన తగిలితే చాలు, పిల్ల బకెట్టు కోసం చూసేది. జుట్టు దిండుకే ఉండిపోయింది. అద్దంలో చూసుకుని, "అమ్మా, నాను తాతనైపోయాను" అని నవ్వింది. నేనూ నవ్వాను. పెరట్లోకెళ్ళి ఏడ్చాను.

డాక్టరమ్మ ప్రతిసారీ ఒకటే మాట చెప్పేది. ఈ మందు గడ్డనే కాదు, ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలని కూడా చంపేస్తుంది, ఊళ్ళో పిల్లలకి వచ్చి పోయేది మీ పాపకి ప్రాణాల మీదకి వస్తుంది అని. "ముఖ్యంగా ఆటలమ్మ. ఒంటి మీద ఒక్క పొక్కు కనబడినా సరే, ఆ రోజే బయల్దేరి రావాలి. రేపు అనకూడదు."

ఇంక నన్ను చూడాలి! ఉద్దానంలో మా ఊళ్ళో, అక్కుపల్లి వెళ్ళే దారిలో, ఎవరింట్లో జబ్బు చేసినా బిస్కెట్టు పొట్లం పట్టుకుని వీధి వీధంతా చూడ్డానికి వస్తారు. నేను గుమ్మం దగ్గరే ఆపేసేదాన్ని. "తుమ్ముతున్నావా? మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా? అయితే అక్కడే ఉండు." బిస్కెట్లు తీసుకుని మనుషుల్ని పంపించేసేదాన్ని. దీనికి కళ్ళు నెత్తికెక్కాయన్నారు. మా అత్త సిగ్గుతో చచ్చిపోయేది. "ఏటే, సుట్టాల్ని కూడా లోపలికి రానివ్వవేటే?" అని గొణిగేది. రానిస్తే పిల్ల పోతుందత్తా అని మొహం మీదే చెప్పేదాన్ని.

ఆటలమ్మ సంగతికి మాత్రం నాకో ఉపాయం దొరికింది. మా వైపు ఎవరికైనా అది వస్తే జబ్బు అనరు, అమ్మోరు పోసింది అంటారు. గుమ్మానికి వేపమండ కడతారు. ఇంట్లో తాళింపు పెట్టరు, తల దువ్వుకోరు, పైవాళ్ళు లోపలికి వెళ్ళరు. ఇంకేం, అమ్మోరే వచ్చినట్టు కబురు పెడుతుంది కదా అనుకున్నాను. రోజూ పొద్దున్నే పాలకి వెళ్ళే వంకతో వీధి చివరి దాకా గుమ్మాలు చూసుకుంటూ వెళ్ళొచ్చేదాన్ని. మండ కనబడలేదంటే ఆ రోజుకి ఊపిరి తీసుకునేదాన్ని.

నేను మా గుంటని పంపించే ఇల్లు ఒక్కటే. పక్కిల్లు. వాళ్ళు చర్చికి వెళ్ళే వాళ్ళు. ఆమె నన్ను వదినా అంటుంది, నేనూ వదినా అంటాను. ఆమె కూతురిదీ మా పిల్ల ఈడే. ఇల్లు అద్దంలా ఉంచుతుంది, నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తుంది, మా పిల్ల వస్తోందంటే ముందు తన కూతురికి స్నానం చేయిస్తుంది. జీడిమామిడి పళ్ళ కాలంలో ఆ పిల్లకి జ్వరమని కొన్నాళ్ళు ఆటలు మానిపించింది. ఎంత బుద్ధిమంతురాలు అని మెచ్చుకున్నాను కూడా.

తర్వాత రెండు వారాలు దాటాయేమో. మా గుంటకి స్నానం చేయిస్తుంటే వీపు మీద నీటిబొట్టు నిలిచింది. తుడిచాను, పోలేదు. మళ్ళీ తుడిచాను. అది నీరు కాదు, పొక్కు. చంకలో ఇంకొకటి.

ఓలమ్మో! పిల్లని తుండులో చుట్టి ఎత్తుకుని వీధిలోకి లగెత్తాను. ఎందుకో నాకే తెలీదు. ఒక్కో గుమ్మం చూశాను, ఏ గుమ్మానికీ మండ లేదు. ఎక్కణ్ణుంచొచ్చింది మరి? పక్కింటి వదిన నా అరుపులకి బయటికొచ్చి పిల్ల వీపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా దానికి వచ్చింది కూడా ఇదే వదినా. ఆసుపత్రికి తీసుకెళ్తే పూతమందిచ్చారు, తగ్గిపోయింది."

"మరి గుమ్మానికి మండ కట్టలేదేటి?"

"మేం కట్టం కదా వదినా," అంది. "ప్రార్థన చేసుకున్నాం. పొక్కులు మాడేదాకా మీ ఇంటి వైపు రానివ్వలేదు కదా దాన్ని!"

నిజమే, రానివ్వలేదు. పొక్కులు రాకముందే అంటుకుంటుందని ఆమెకి తెలీదు, నాకూ తెలీదు. వాళ్ళు మండ కట్టరన్న సంగతి మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నాకు తెలుసు. ఒక్కసారైనా తట్టలేదు. ఆవిడ ఏడుస్తోంది. నాకు ఆమె మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు. "ఏడుపు తర్వాత, ముందు ఆటో పిలు," అని అరిచాను.

ఇంట్లోకి వచ్చేసరికి అత్త చేతిలో పసుపు గిన్నె. పిల్లని చూసి రెండు చేతులూ జోడించింది. "తల్లి వచ్చింది. పడుకోబెట్టు."

"పడుకోబెట్టడం ఏటత్తా, విశాఖపట్నం ఎల్లాలి."

"ఏటి మాటాడతన్నావే? అమ్మోరు ఒంటి మీదుండగా పొలిమేర దాటిత్తావా? సూదేయిత్తావా? తల్లికి కోపమొత్తే గుంట దక్కుతాదేటే?"

నేను బట్టలు సంచిలో కుక్కుతున్నాను. ఆమె సంచి లాక్కుంది. నేను లాక్కున్నాను. అత్తాకోడళ్ళం సంచి కోసం పెనుగులాడుతుంటే పిల్ల మంచం మీంచి చూస్తోంది. "అత్తా, ఒగ్గీ! నీ అమ్మోరూ వద్దు, నీ పసుపూ వద్దు!" అన్నాను. ఆ మాటకి చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె సంచి వదిలేసి గోడకి జారబడింది.

"నీకు తెలీదు," అంది. "మీ ఆయన ఎనకాల నాకింకొకడు పుట్టినాడు. ఆడికీ అమ్మోరు పోసింది. మీ మావ ఇనకుండా బండి కట్టి టెక్కలి తీసుకెల్లినాడు. పొలిమేర దాటినాక ఆడు నా ఒళ్ళోనే కళ్ళు తేలేసినాడు. ఊరంతా నన్నే అన్నారు."

అన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు. మా ఆయన కూడా. నా చేతులు ఆగిపోయాయి. కానీ వీధిలో ఆటో చప్పుడైంది.

"అత్తా, ఆడు పొలిమేర దాటినందుకు పోలేదు. ఆలస్యమవబట్టి పోయాడు. ఈ గుంటని కూడా ఆలస్యం సేత్తావా?"

ఆమె లేచి, చెంగు నడుముకి దోపి, పిల్లని ఎత్తుకుని ఆటోలో కూర్చుంది. మా ఆయన పలాస జీడి ఫ్యాక్టరీలో పనికెళ్ళాడు. ఆయనకి కబురు పక్కింటి వదిన చూసుకుంటానంది.

పొలిమేర దగ్గర అత్త ఆటో ఆపమంది. దిగి, అక్కడున్న అమ్మోరి చిన్న గుడి ముందు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. రైలెళ్ళిపోతుందని నా ప్రాణం కొట్టుకుపోతోంది. "అత్తా, బేగి రా!" అని అరుస్తూనే ఉన్నాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. "తల్లీ, దాటిత్తన్నది నాను. గుంటది తప్పు లేదు, దీని తల్లిది తప్పు లేదు. కోపమొత్తే నన్ను తీసుకో. నన్నే తీసుకో," అంది. నుదురు నేలకి ఆన్చి లేచింది. మట్టి కూడా తుడుచుకోలేదు.

పలాసలో రైలు అందింది. పెట్టె కిటకిటలాడుతోంది. ఎవరో పిల్ల మెడ మీది పొక్కు చూశారు. అంతే, బల్ల మొత్తం ఖాళీ అయిపోయింది. కొందరు దండం పెట్టారు, కొందరు దూరం జరిగి ముక్కు మూసుకున్నారు. ఒకావిడ, "అమ్మోరితో రైలెక్కేరేటమ్మా, మతుందా?" అని నన్ను దులిపేసింది. నేను నోరు తెరవబోయాను. అత్త అందుకుంది. "మాకు మతి లేదు. నీకుంటే నోరుమూసుకుని కూకో." హరిశ్చంద్రపురం దాటేదాకా ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. నాకు అంత కంగారులోనూ అత్తని ముద్దు పెట్టుకోవాలనిపించింది. రైలు ఏ స్టేషన్లో ఆగినా లేచి తలుపు దగ్గరికెళ్ళడం, ఎందుకాగిందని అడగడం. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. చూస్తుండగానే పొక్కులు పెరుగుతున్నాయనిపించింది.

ఆసుపత్రిలో వేరే గదిలో పెట్టారు. నర్సుకి నరం దొరకడం లేదు. కీమోతో నరాలన్నీ గట్టిపడిపోయాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. సూది పేరెత్తితే మండిపడే మా అత్త, పిల్ల చెయ్యి తన రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, "ఎయ్యమ్మా, భయపడకు, ఎయ్యి," అని నర్సుకే ధైర్యం చెప్పింది. మందు ఎక్కడం మొదలైంది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లోకి దిగేదని డాక్టరమ్మ చెప్పింది. అత్త మొహం చూశాను. ఆమె నేల చూపులు చూస్తోంది.

పొక్కులు మాడాయి. జ్వరం దిగింది. మా గుంట ఇడ్లీ అడిగింది. ఆ ఇడ్లీ తింటుంటే నేనూ అత్తా చెరోవైపు కూర్చుని, సినిమా చూస్తున్నట్టు చూశాం. గెలిచామనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

కానీ ఆ జ్వరం తగ్గి, కణాలు పెరిగేదాకా కీమో ఆగింది. తర్వాత మళ్ళీ మొదలెట్టారు, ఆపరేషను కూడా చేశారు. మరుసటి ఏడు వానలకి కాలు నొప్పి తిరిగొచ్చింది. ఆ కీమో ఆగడం వల్లనా అని అడిగాను. చెప్పలేం, మందు ఆపకుండా ఇచ్చినా ఈ జబ్బు తిరిగొస్తుంది అన్నారు. ఇంటికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చూసుకోమన్నారు. చూసుకున్నాం. ఒక మధ్యాహ్నం, వాన వెలిసిన కాసేపటికి, అత్త ఒళ్ళోనే పోయింది.

కార్యం అయిపోయాక అత్త కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్తే పొలిమేర దగ్గర ఉంది. జుట్టు విరబోసుకుని, చెంగు జారిపోయి, ఆ గుడి ముందు నిలబడి గొంతు చిరిగిపోయేలా అరుస్తోంది. జీవితంలో ఆ దేవతని తల్లీ అని తప్ప పిలవని మనిషి.

"నన్ను తీసుకోమన్నాను కదే! సెప్పలేదేటే నీకు? ముసిల్దాన్ని ఇక్కడున్నాను కదే, కనబడలేదేటే!"

పట్టుకుని ఇంటికి తీసుకెళ్దామనే వెళ్ళాను. ఆ తల్లిని ఒక్కనాడూ నమ్మని దాన్ని, పక్కన నిలబడి అత్త కన్నా గట్టిగా అరిచాను.