మంచం పట్టని గుమ్మం

ఆ ఆసుపత్రి నర్సమ్మకు ఉన్నది ఒకటే జబ్బు: సూది వేశాక మనిషిని వదలదు. మందు లోపలికి పోగానే ఆమె నోరు తెరుచుకుంటుంది. అందరూ వసపిట్ట అని పేరు పెట్టేశారు. సూదికి జంకని వస్తాదులు కూడా ఆ తర్వాతి కబుర్లకు హడలిపోయేవారు.

బస్సు డ్రైవరుకు ఈ సంగతి తెలియక కాదు. కాలి పుండు చీముపట్టి బ్రేకు తొక్కనివ్వకపోతే ఏం చేస్తాడు పాపం! డాక్టరు పెన్సిలిన్ రాశాడు. నర్సమ్మ ముందు చేతిమీద చుక్క మందుతో పరీక్ష చేసింది. దద్దురు రాలేదు. అసలు సూది వేసింది. డ్రైవరు లేచాడు.

“కూర్చో తమ్ముడూ, ఒక్క మాట. మా మరిది మంచం కొన్నాడు.”

“సంతోషం. వస్తానక్కా, బస్సు టైమైంది.”

“గుమ్మంలో పట్టలేదయ్యా!”

“కోళ్లు ఊడదీయమను.”

“ఊడదీస్తే మళ్లీ బిగించేదెవరు? మా తోడికోడలేమో గోడ కొట్టించమంటుంది...”

ఇదెక్కడి ఖర్మరా బాబూ అనుకుంటూ డ్రైవరు మెడ గోక్కున్నాడు. విసుగుకు దురద కూడా పుడుతుందేమో అనుకున్నాడు. నర్సమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. అలా ఆగడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

అప్పటికే అతని పెదవులు ఉబ్బాయి. గొంతు బిగిసింది, ఊపిరి ఆడలేదు. చచ్చాన్రా అనుకున్నాడు. నర్సమ్మ అతన్ని పడుకోబెట్టి, డాక్టరును కేకేస్తూనే తొడలో విరుగుడు సూది దించింది. కాసేపటికి గాలి లోపలికి వెళ్లింది.

“పరీక్షలో తేలకపోయినా ఒక్కోసారి ఇలా వికటిస్తుంది. బస్సులో ఉండగా అయ్యుంటే నీతోపాటు జనమంతా పోయేవారు,” అన్నాడు డాక్టరు. “ఇకనుంచి ఎక్కడికెళ్లినా పెన్సిలిన్ పడదని ముందే చెప్పు.”

ఆయన వెళ్లాక డ్రైవరు మెల్లగా అడిగాడు. “ఇందుకే కూర్చోబెడతానని చెప్పొచ్చుగా అక్కా?”

“చెబితే భయంతోనే సగం చస్తారు. కబుర్లయితే తిట్టుకుంటూ కూర్చుంటారు. తిట్టుకోనీ.”

అంతే, స్టూలు మీద కూలబడింది. చేతులు వణుకుతున్నాయి, నోట మాట లేదు. ఆ మౌనం చూసి డ్రైవరు ప్రాణం ఉసూరుమంది.

“అక్కా, మా బావమరిది బీరువా కొన్నాడు.”

నర్సమ్మ తలెత్తింది.

“మెట్ల మలుపులో ఇరుక్కుంది. పైకీ పోదు, కిందికీ రాదు.”

“అయ్యో, మరెలా?” అంది కళ్లు తుడుచుకుంటూ.

డ్రైవరుకు అసలు బావమరిదే లేడు. అయినా ఆమె చేతుల వణుకు తగ్గేదాకా చెబుతూనే ఉన్నాడు.