ముట్టని వైద్యుడు

బావకి తెలియని కంప్యూటరు జబ్బు లేదు. కానీ పరాయి కీబోర్డుని మాత్రం చచ్చినా ముట్టుకోడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఒకటే అడుగుతాడు: “అదేమంటోంది?” పక్కింటాయన లాప్‌టాప్‌లోంచి పొగలొస్తున్నా అదే అడిగాడు. “దగ్గుతోందయ్యా మహానుభావా!” అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

ఆ రోజు గండం మరదలికి. నాలుగింటికి గ్రంథాలయం ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పదేళ్లు ఇంటిపట్టున ఉన్నాక వచ్చిన మొదటి పిలుపు. కంప్యూటర్లోనే మాట్లాడాలి, ఫోన్లో కుదరదన్నారు. పొద్దున ఆ కంప్యూటర్ని నడిపే లినక్స్‌ని అప్‌డేట్ చేస్తే వైఫై గుర్తు కాస్తా మాయమైంది.

మూడింటికి బావ భుజాన సంచితో దిగాడు.

“బావా, మీ కాళ్లు పట్టుకుంటా, బాగుచెయ్యండి.”

“కాళ్లెందుకు, కళ్లు చాలు. చదువు. అదేమంటోంది?”

ఆయన చెప్పిన కమాండు ఆవిడ కొట్టింది. తెరనిండా చీమలబారు. “వైఫైని నడిపే ప్రోగ్రాం, అదే డ్రైవరు, దానికి కావలసిన ఫైలు లేదంటోంది.”

“లేకపోతే?”

“నెట్లోంచి దించుకోవాలి.”

“దించుకో.”

“నెట్ లేకే కదా ఈ ఏడుపు! బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టుంది!”

“ఫోన్లో నెట్ ఉందిగా. వైరు తగిలించు.”

ఫోన్లో మిగిలిన కాస్త డేటా ఫైలుకే సరిపోయింది. ఒక అక్షరం తప్పు కొట్టి, రెండుసార్లు బావని తిట్టి, డ్రైవరుని తీసేసి మళ్లీ ఎక్కించింది. నాలుగింటికి ఇంకా ఏడు నిమిషాలుందనగా వైఫై వెలిగింది. బావ హాల్లోకి జారుకున్నాడు.

ఇంటర్వ్యూ నడుమ వైఫై మళ్లీ టపీమని పోయింది. “బావా” అని నోటిదాకా వచ్చింది గానీ, వేళ్లు అప్పటికే కదిలాయి. డ్రైవరుని తీసింది, ఎక్కించింది. నిమిషంలో తెరమీద మళ్లీ ప్రత్యక్షమైంది.

“ఎవరు బాగుచేశారమ్మా?” అడిగింది ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దావిడ.

“నేనేనండి.”

“మా దగ్గర పన్నెండు కంప్యూటర్లున్నాయి, అన్నీ లినక్సే. సోమవారం రాగలవా?”

మరదలు ఎగురుకుంటూ హాల్లోకి వచ్చింది. బావ ఒళ్లో ఆయన లాప్‌టాప్. వైఫై వెలుగుతోంది. తెరమీద అదే ఇంటర్వ్యూ పేజీ, ఆయన వేలు ‘చేరండి’ బటన్ మీద. నుదుటినిండా చెమట.

“ఇదేమిటి బావా?”

“లింకు మీ అక్కనడిగి తెచ్చా. నీది మొరాయిస్తే ఇది పట్టుకుని పరిగెత్తుకొద్దామని.”

“మూడింటినుంచీ ఇది మీ సంచిలోనే ఉందా? నా ప్రాణాలు తోడేశారు కదా!”

“ముందే ఇస్తే ఇందాక వైఫై పోయినప్పుడు నన్నే పిలిచేదానివి.”

మరదలు దిండు తీసి గురిచూసి విసిరింది. బావ లాప్‌టాప్‌ని గట్టిగా కావలించుకుని, ముక్కుని దిండుకి అప్పగించాడు.